నట్టల బాబాయి

పల్నాడులో వీధికొక బాబాయి ఉంటాడు. వరసకు ఎవరికీ బాబాయి కాడు, పిలవడానికి అందరికీ బాబాయే. ఒకప్పుడు పురుగుమందుల కొట్లో గుమాస్తాగా చేసుంటాడు, లేదా రెండెకరాల మిరప వేసి ఆ కొట్టుకే బాకీ పడుంటాడు. ఏదైనా ఒకటే. ప్రాణమున్న ప్రతిదానికీ మందు చెప్పే హక్కు ఆయనకు వచ్చేసినట్టే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమయ్యాక మా బరంపేట బాబాయి కూడా జిల్లా స్థాయి నిపుణుడయ్యాడు. మాచర్ల నుంచీ గురజాల నుంచీ ఫోన్లొస్తాయి. ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, వీధికి కూడా వైద్యం వంటబట్టాలి కదా!

ఆయన శాస్త్రానికి సూత్రం ఒక్కటే. నిన్న ఏ జీవికి ఏ మందు పనిచేసిందో, ఇవాళ ఎదురైన జీవికీ అదే మందు. మిరపకు కొట్టిన వేపనూనె మనవరాలి తలలో పేలకు రాయించాడు. పేలు పోయాయి. తంటా అంతా అక్కడే వచ్చింది. అప్పుడప్పుడూ పనిచేస్తుంది మరి. పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందో కూడా ఆయన తేల్చేశాడు. "పందేనికి ముందు బ్రహ్మనాయుడు పుంజుకి నట్టల మందు పట్టించలా. నాగమ్మ పట్టించింది. ఇంకేముంది!"

ఎదురింటి పిల్లి పడుకున్న గుడ్డ మీద బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయని ఆ ఇంటి పిల్ల కేకేసిందో లేదో, బాబాయి గుమ్మంలో ఉన్నాడు. వంగి చూశాడు. "నట్టలే. బద్దెపురుగు." న్యాయంగా చెప్పాలంటే, ఆ మాట అక్షరాలా నిజం. బద్దెపురుగు పేగులో ఉండి ముక్కలు ముక్కలుగా తెగి తోక కింద నుంచి రాలుతుంది, తడి ఆరేదాకా ఆ ముక్కలు కదులుతూనే ఉంటాయి. జబ్బు పేరు చెప్పి ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు?

"ముందు వెల్లుల్లి నూరి మజ్జిగలో పట్టించండి. తగ్గకపోతే బళ్లో ఫిబ్రవరి 10న పిల్లకాయలకి నులిపురుగుల మాత్ర ఇస్తారే, ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు, అందులో సగం. దానికీ లొంగకపోతే మా తమ్ముడి దొడ్లో గొర్రెలకు పట్టించిన మందు సీసా అడుగున ఉంది."

"అన్నీ కలిపి ఒకేసారి పట్టిస్తేనో?" అంది ఇల్లాలు.

"ట్యాంకు మిక్స్!" అన్నాడు బాబాయి మెచ్చుకోలుగా.

పిల్ల మాత్రం పిల్లిని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. బాబాయి లేకుండా రోగి కదిలే ఆచారం లేదు కాబట్టి ఆయనా వెళ్లాడు. డాక్టరమ్మ ముందు పిల్లిని తూకం వేసింది. మూడు కిలోలు. "జబ్బు కళ్ల ముందు కనపడతంటే తూకమెందుకమ్మా?" అన్నాడు బాబాయి. మోతాదు కిలోల లెక్కన కట్టాలంది ఆవిడ. వెల్లుల్లి, ఉల్లి పిల్లి నెత్తుటి కణాల్ని చిదిపేస్తాయనీ, పిల్లలకిచ్చే మోతాదులో ఆల్బెండజోల్ పడితే దాని ఎముకల్లో మూలుగ దెబ్బతినొచ్చనీ, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి ప్రాణమే పోవచ్చనీ వరసగా చెప్పింది. బాబాయి చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రాసిచ్చిన మాత్రలో బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్, ఏలికపాములకు పైరాంటెల్ ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ పిల్లి బొచ్చు పాయ తీసి చూపించింది. లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు, వాటి మధ్య గెంతే సన్న పురుగులు. బద్దెపురుగు పిల్ల దాక్కునేది ఆ పురుగు పొట్టలోనే. పిల్లి ఒళ్లు నాక్కుంటూ పురుగును మింగుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. వాటికి వేరే మందు ఇస్తానంది. కుక్కలకు పూసే పెర్మెత్రిన్ మాత్రం పిల్లికి సోకనివ్వద్దంది.

"జిగురు రాసిన పసుపు అట్టలు కడదామా? తెల్లదోమకి బ్రహ్మాండంగా పనిచేశాయి" అన్నాడు బాబాయి. డాక్టరమ్మ తర్వాతి గేదెను పిలిచింది.

ఇంటికొచ్చాక మాత్ర మింగించే బాధ్యత బాబాయే తీసుకున్నాడు. ఎద్దులకు గొట్టంతో మందు పోసిన చెయ్యి కదా. పిల్లి ఎంతో మర్యాదగా నోరు తెరిచింది, మూసింది, మాత్రను బుగ్గన పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి మూతి చుట్టూ తెల్లటి నురగ. "పిచ్చి! పిచ్చెక్కింది దీనికి!" అని అరుస్తూ బాబాయి అరుగెక్కేశాడు. మోకాళ్ల నొప్పులాయన అంత ఎత్తు ఎగరడం మేమెవరం చూళ్లేదు. నురగకు కారణం మాత్ర చేదు, అంతే. ఉమ్మేసిన మాత్రను తుడిచి, పిల్లిని తువ్వాల్లో చుట్టి తల మాత్రం బయట పెట్టి, నాలుక మొదట్లో మాత్ర వేసి, గొంతు నిమిరి, మాత్ర గొంతులో అంటుకోకుండా రెండు చుక్కల నీళ్లు పోసింది పిల్ల. పని అయిపోయింది.

"అట్టాగే! నేను చెప్పబోయేదీ అదే" అన్నాడు బాబాయి, అరుగు దిగకుండానే.

రెండు వారాలకు మళ్లీ మాత్ర వేయాలని చీటీలో రాసుంది. అది చదివించుకుని ఆయన పొంగిపోయాడు. "చూశారా, రెండో స్ప్రే! మందు పుట్టిన కాడ్నుంచీ పద్ధతి ఇదే!" ఇంతలో మాచర్ల నుంచి ఫోను, వియ్యంకుడికి నడుం పట్టేసిందట. బాబాయి గొంతు సవరించుకుని స్పీకరు నొక్కాడు.

"ముందు బరువెంతో చెప్పండి బావగారూ. తూకం లేకుండా మందు చెప్పకూడదు. ఆ తర్వాత, ఒంటి మీద సన్న పురుగులేమన్నా గెంతుతున్నాయేమో, చెల్లెమ్మని ఒకసారి పాయ తీసి చూడమనండి."