ఎంబడొచ్చిన పెద్దమనిషి

తాండూరు సర్కారు దవాఖానలో ఎమర్జెన్సీ ముందర రాత్రిపూట 108 బండి ఆగిందంటే మొదట దిగేది పేషెంటు కాదు. తెల్ల అంగీ, మెడలో తువ్వాల, చెవికి ఫోను. ఆయనే ఎంబడొచ్చిన పెద్దమనిషి. రోగికి చుట్టమూ కాదు, పాలివాడూ కాదు. ఊళ్లో ఎవరికేమైనా వెంట ఈయన ఉండాల్సిందే.

దిగుతూనే "డ్యూటీల ఎవలున్నరు? మనోళ్లేనా?" అంటాడు. చీటీ రాసే పిల్లగాడు పేషెంటు పేరడిగితే తన పేరు చెబుతాడు. వయసడిగితే "రాస్కో, నలభై" అంటాడు. స్ట్రెచర్ మీది మనిషి అంత బాధలోనూ తల లేపి "ముప్పై ఆరన్నా" అని దిద్దుకోవాల్సి వస్తుంది.

ఈయన వైభవం చూడాలంటే మాత్రం వానాకాలం రావాలి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ చేలల్లో కలుపు తీసేవాళ్లకు పాము భయం పోలేదు. కాటు తిన్న మనిషి కన్నా ముందు యూరియా సంచి లోపలికొస్తుంది. "ఇగో మేడమ్, కొట్టి తెచ్చిన, సూడుండ్రి" అని ఈయన మూతి విప్పుతాడు. సిస్టరమ్మ స్టూలెక్కుతుంది. పక్క మంచం మీద అప్పటిదాకా కడుపు పట్టుకుని మూలుగుతున్న తాత సెలైన్ బాటిల్ చేతబట్టుకుని వరండాలోకి నడిచి వెళ్తాడు.

"పామును తేనక్కర్లేదయ్యా" అంటుంది డాక్టరమ్మ. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే. పెద్దమనిషి మొహం చిన్నబోతుంది. అంత కష్టపడి తెచ్చిన పామును కనీసం చీటీలోనైనా ఎక్కించరా?

ఆ తర్వాత అసలు పరీక్ష. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. కట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు లెక్క. గొట్టం 20 నిమిషాలు కదలకుండా ఉంటుంది. ఈయన ఉండలేడు. మూడో నిమిషానికి "అయిందా మేడమ్?" ఐదో నిమిషానికి గొట్టం వంచి చూడబోయి సిస్టరమ్మతో చివాట్లు. ఏడో నిమిషానికి ఎమ్మెల్యే సారు పీఏకు ఫోను. "అన్నా, జెర డాక్టరమ్మకు ఒక మాట చెప్పుండ్రి." ఏ మాటో అటు పీఏకూ తెలియదు, ఇటు ఈయనకూ తెలియదు. నెత్తురు గడ్డకట్టాలంటే కూడా పైనుంచి చెప్పించాలని ఈయన నమ్మకం.

ఇంత చేశాక పేషెంటును ఇక్కడే ఉంచితే పరువేం కాను? "వికారాబాద్‌కు రాయుండ్రి మేడమ్. 2023ల మెడికల్ కాలేజీ పడ్డది, పెద్ద డాక్టర్లుంటరు" అని మొదలుపెడతాడు. వికారాబాద్ చేరితే పట్నం రాయమంటాడు. పట్నం చేరినా ఉస్మానియా మెట్ల మీద కూర్చుని "మా తాండూరే నయముండె" అనే రకం. "మందు ఇక్కడే ఉంది. వంద కిలోమీటర్లు తిప్పితే దారిలోనే విషం తన పని కానిస్తుంది" అని డాక్టరమ్మ కసిరితే, వెంటనే పేషెంటు వాళ్లవైపు తిరిగి "నేను గదే అంటున్న!" అంటాడు.

తెల్లారేసరికి మనిషి లేచి కూర్చుంటాడు. బస్టాండు చాయ్ హోటల్లో పెద్దమనిషి కచేరీ మొదలవుతుంది. "నేనొక్క ఫోను కొట్టిన. డాక్టర్లంతా ఉరికొచ్చిండ్రు." వినేవాళ్లు తలాడిస్తారు. చాయ్ డబ్బులు పేషెంటు బామ్మర్ది ఇస్తాడు.

ఆ కథలో ఎప్పుడూ రాని ముక్క ఒకటుంది. చేను గట్టు మీద నలుగురూ మంత్రమేసే ఆయన దగ్గరికి మోసుకుపోదామని లేచినప్పుడు, "మంత్రం రేపు పెట్టిచ్చుకుందురు గని, ముందు దవాఖానకు నడువుండ్రి" అని అందరి మీదా ఎగిరింది ఈయనే. 108కు ఫోను కలిపిందీ ఈయనే. రాత్రంతా కొట్టిన ఫోన్లలో పనికొచ్చింది అదొక్కటే. అయినా దాని ఊసెత్తడు. 2005 నుంచి ఆ నంబరు ఎవరు కొట్టినా కలుస్తూనే ఉంది. అందులో ఈయన పలుకుబడి ఏముంది?