స్టాండు లేని సైకిలు

మా గజపతినగరంలో సైకిలు కొనడమంటే ఒకప్పుడు ఒక్క పూట పని. బస్సెక్కి విజయనగరం వెళ్లడం, హీరోనా అట్లాసా తేల్చుకోవడం, స్టాండూ క్యారేజీ బెల్లూ బిగించేదాకా షాపు అరుగు మీద కూర్చోవడం, తొక్కుకుంటూ వచ్చేయడం. అలాంటి ఊళ్లో నేను కొండదారుల్లో తిరిగే సైకిలుకి సామాన్లు విడివిడిగా ఎంచి బిగించుకుంటానంటే మా మావయ్య జాలిగా చూశాడు. "ఏరా, షాపుల్లో సైకిళ్లయిపోయాయేటి?"

అయిపోలేదు. కానీ మెంటాడ అవతల ఆండ్ర రిజర్వాయరు దాకా కొండవార రాళ్లదారులున్నాయి. సాలూరు దాటితే ఒడిశా వైపు ఎక్కే ఘాట్ ఉంది. వాటికి తగ్గ సైకిలు కావాలన్నది నా వాదన. కావలసింది ఇంకో మోకాళ్ల జత అన్నది మా ఆవిడ వాదన.

సామాన్లు ఎంచడం మొదలుపెట్టాక ఒకటి అర్థమైంది. ఈ వ్యాపారంలో ఉన్నదానికన్నా లేనిదానికే రేటెక్కువ. మడ్‌గార్డు ఉండదు. స్టాండు, క్యారేజీ, చైను కవరు, బెల్లు ఏవీ ఉండవు. ముందు పళ్లచక్రాలు మూడుంటే చవక, రెండుంటే నయం, ఒక్కటే ఉంటే ఖరీదు. బాగా పైరకం సైకిళ్లకి పెడళ్లు కూడా ఇవ్వరు, తొక్కే ఉద్దేశం ఉంటే విడిగా కొనుక్కోవాలి. ఆఖరికి టైర్లో ట్యూబు కూడా పీకేసి, తుమ్మముల్లు దిగినా కన్నం పూడ్చుకుంటుందని ఏదో తెల్లటి రబ్బరు మందు పోస్తారు. మన ఎండలకి అది ఎండిపోతే మళ్లీ పోయాలి. ఈ లెక్కన ఇంకో లక్ష పెడితే సైకిలే ఇవ్వరేమో.

ఉన్న నాలుగు సామాన్లయినా ఒకదానికొకటి పడవు. వెనక ఇరుసు ఒక ఫ్రేముకి 142 మిల్లీమీటర్లు, ఇంకో ఫ్రేముకి 148. ఆ ఆరు మిల్లీమీటర్ల దగ్గర చక్రం ఎక్కదు, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. చక్రం 26 అంగుళాలా, 27.5 అంగుళాలా, 29 అంగుళాలా అన్నది ఇంకో తగువు.

గేర్ల విషయంలో మాత్రం నాకు ఇబ్బంది లేదు. పళ్లు చూసి ఎద్దుకి బేరమాడే మానాపురం సంత పక్కన పెరిగినవాణ్ణి. పాత సైకిలుకి ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. నేను తీసుకున్నదానికి ముందు 32, వెనక 12 చక్రాలు, వాటిలో పెద్దదానికి 51 పళ్లు. ఘాట్ ఎక్కేటప్పుడు దాని మీద వేస్తే, పెడలు పూర్తిగా ఒక చుట్టు తిప్పినా చక్రం మూడింట రెండొంతులు కూడా తిరగదు. మావయ్య వేళ్ల మీద లెక్కేసి, "అంటే నడిచెళ్లేవోడికీ నీకూ ఒకటే స్పీడన్నమాట" అన్నాడు. లెక్క తప్పు కాదు. కాకపోతే నడిచేవాడు గేర్లు మార్చలేడు.

ఇంత సరంజామా అసలు పాత సామాన్లతోనే మొదలైంది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఎప్పటివో లావు టైర్ల ష్విన్ సైకిళ్లు సంపాదించి, టామల్‌పైస్ కొండ మీంచి మట్టిదారిలో కిందికి తోలేవారు. 1976లో పందేలు కూడా పెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు మాడి పొగలొచ్చేది, విప్పి మళ్లీ గ్రీజు కూరితేగాని ఇంకో పందేనికి పనికొచ్చేది కాదు. ఆ కాలంలో ఆ కొండ కింద మా ఊరి మెకానిక్ ఓవరాయిలింగ్ షాపు పెట్టుంటే ఈపాటికి మేడలు కట్టేవాడు.

బిగింపు ఆయన చేతనే చేయించాను. పెడళ్ల ఇరుసుకి కుడివైపు కప్పు మర ఎదురు తిరుగుతుంది. ఆ సంగతి వీడియోలో చూసి నేర్చుకుని గంభీరంగా చెప్పబోయాను. అప్పటికే ఆయన ఎదురు మరలో కప్పు బిగించేసి గుడ్డతో చెయ్యి తుడుచుకుంటున్నాడు. ఆయన చిక్కుకుపోయింది గాలి దగ్గర. సన్నటి ఫ్రెంచి వాల్వు చూసి, "వాల్‌ట్యూబేది బాబూ?" అని కిందా మీదా వెతికాడు. పంపు మూతి దానికి పట్టలేదు. వేలి కొసంత ఇత్తడి అడాప్టరు పెడితే పట్టింది. మొత్తం సామాన్లలో దానికే అన్నిటికన్నా తక్కువయింది. అది లేకపోతే తక్కినదంతా ఇనుపకొట్టు సరుకు.

ముందు ఫోర్కులో స్ప్రింగు బదులు గాలే ఉంటుంది. ఎక్కేవాడి బరువు చూసి కొట్టాలి. సీటు మీద కూర్చుంటే ఫోర్కు దిగగల 120 మిల్లీమీటర్లలో ఓ పాతిక, ముప్ఫై దిగితే సరైన లెక్క. నేను చెప్పిన బరువుకి గాలి కొడితే ఫోర్కు సగం దాకా కూరుకుపోయింది. మెకానిక్ ఏమీ అనలేదు, నా పొట్ట వైపు ఒకసారి చూసి పంపు మళ్లీ అందుకున్నాడు.

ఇప్పుడు ఒక్క సామాను దగ్గరే ఆగాను. హ్యాండిలు మీద మీట నొక్కితే, వాలు దిగేటప్పుడు సీటు కిందికి జారిపోయే రాడ్డొకటి ఉంది. ఆ సంగతి మావయ్యకి చెప్పాను.

"సరే, సీటూ పోయింది. ఇంక మిగిలిందేటిరా?"

హ్యాండిలుందన్నాను. అందులోనూ కార్బన్‌ది తీసుకుంటే ఇంకొన్ని గ్రాములు తగ్గుతుందట.