నానమ్మ పేరు

చైనాలో, హునాన్ రాష్ట్రంలోని ఒక పల్లెలో వంశచరిత్ర పుస్తకాన్ని మళ్లీ రాయిస్తున్నారు. పాత పుస్తకం నిండా మగవాళ్లే. కూతుళ్ల ఊసే లేదు. కోడళ్లకు మాత్రం పుట్టింటి ఇంటిపేరు, దాని వెనక 'షి' అనే ఒక్క అక్షరం. ఫలానా ఇంటి ఆడపిల్ల అని అర్థం, అంతే. ఒక ఇంటి ముత్తవ్వ అందులో అలాగే మిగిలింది. పాదాలు కట్టడాన్ని 1912లోనే నిషేధించినా పల్లెల్లో ఆ ఆచారం ఆగలేదు. ఐదేళ్లప్పుడు ఆమె కాలివేళ్లను అరికాలి కిందికి మడిచి, గుడ్డపట్టీలతో బిగించి కట్టారు. ఆ పాదాలతోనే బతుకంతా నడిచిన మనిషిని చిన్నప్పుడు ఏమని పిలిచేవారో చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఒక్కరూ లేరు. పాదాల సంగతి కంటే నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే.

ఈసారి ఆడవాళ్ల పేర్లూ ఎక్కిద్దామన్నారు పెద్దలు. ఛింగ్‌మింగ్ పండుగకు సమాధులు శుభ్రం చేయడానికి ఊరొచ్చిన ఆ ముత్తవ్వ మునిమనవరాలు షెంగ్‌నాన్ ఆ పని నెత్తినేసుకుంది. వుహాన్‌లో ఇంజినీరు. ఒక్క బిడ్డతో ఆపాల్సిన రోజుల్లో, 1985లో పుట్టింది. తోడబుట్టినవాళ్లు లేరు.

అమ్మ పేరు హోంగ్. ఎరుపు. విప్లవం రోజుల్లో ఆ పేరు ఊరూరా ఉండేది. అది రాసేసింది. నానమ్మ పేరు దగ్గర కలం ఆగింది.

జావోదీ. తమ్ముణ్ణి పిలుచుకొచ్చేది అని అర్థం. కొడుకు కోసం కాచుకున్న ఇంట్లో కూతురు పుడితే పెట్టే పేరు.

"ఇది నీ పేరు కాదు నానమ్మా, తమ్ముడి కోసం కట్టిన ముడుపు. ఇంకో మంచి పేరు రాస్తాను, ఉండు."

"వద్దు" అంది ముసలావిడ. "తమ్ముడు పుట్టాడు. వాణ్ణి వీపున కట్టుకుని పెంచాను. బడికి వాడెళ్లాడు. నాకు అక్షరాలొచ్చింది పెద్దయ్యాక, రాత్రిబడిలో. మొదట నేర్చుకున్నవి ఈ రెండే. పెళ్లినాడు వీటితోనే సంతకం పెట్టాను."

పెళ్లయినా ఆడదాని పేరు ఆడదానికే ఉంటుందని 1950 వివాహ చట్టం చెప్పింది. అత్తకు దక్కని పేరు కోడలికి దక్కింది. అందులో ఏ అర్థమున్నా సరే, ఆమె దాన్ని వదలదు. వదలమనే హక్కు ఎవరికైనా ఉందని నేననుకోను.

షెంగ్‌నాన్ తలవంచి 'జావోదీ' అనే రాసింది.

"ఇక నీది రాయి."

రాసింది. నానమ్మ కాగితాన్ని కళ్ల దగ్గరికి తీసుకుంది.

"రెండో అక్షరం నాకు బాగా తెలుసు. పైన పొలం, కింద బలం. కమ్యూన్ పని లెక్కల పుస్తకంలో రోజూ చూసేదాన్ని. ఆ అక్షరమున్నవాళ్లకు పది పాయింట్లు. అదే పొలంలో అంతసేపూ వంగి నాట్లేసినా మాకు ఎనిమిదే."

"అవును నానమ్మా, మగవాడు అని. మగవాణ్ణి మించినది అని నా పేరుకి అర్థం. నాన్న ఏరి కోరి పెట్టాడు" అంది మనవరాలు, కళ్లు మెరుస్తుండగా.

నానమ్మ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆ అక్షరం మీద వేలుంచింది.

"నా పేరులో ఉన్నవాడు నా తమ్ముడు. మరి నీ పేరులో వీడెవడు తల్లీ?"