అటక మీది సైలెన్సర్

నన్ను ఊడదీసేనాటికి బండికి రెండో సర్వీసింగ్ కూడా కాలేదు. విజయవాడ ఆటోనగర్ దగ్గర సందులో మెకానిక్ బోల్టులు విప్పి, గోతంలో చుట్టి అటక మీద పడేశాడు. నా చోటికి పొట్టి గొట్టం ఒకటి వచ్చింది. లోపలంతా డొల్ల. దాని తొలి అరుపుకే బండి కొన్న కుర్రాడు ఈల వేశాడు.

నాలో గదులున్నాయి, గదుల మధ్య చిల్లుల గొట్టాలున్నాయి. ఇంజను వదిలిన వేడి పొగ వాటిలో మలుపులు తిరుగుతుంది. గోడకు తగిలి వెనక్కొచ్చిన శబ్దతరంగం ఎదురొచ్చేదాన్ని చంపేస్తుంది. ఇంకా నా పొట్టలో తేనెపట్టులాంటి దిమ్మె ఉంది. దానికి పూసిన ప్లాటినం జాతి లోహాలు కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. కుర్రాడి లెక్కలో అదంతా పికప్‌కు అడ్డం!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వది నా గురించే. వ్యాకోచ గది ద్వారానో మరోలాగానో పొగ చప్పుడును వీలైనంత తగ్గించే పరికరం ప్రతి బండికీ ఉండాలంటుంది. పొట్ట లోపలి సంగతి చట్టంలోకి ఎక్కిన అదృష్టం ఎందరికి దక్కుతుంది?

ఒక రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు బండి ఆపారు. మర్నాడు కుర్రాడు షాపులోకొచ్చి లబలబలాడాడు.

"నా డబ్బు, నా బండి. వీళ్లకేంటన్నా నొప్పి?"

మెకానిక్ స్పానర్ తుడుచుకుంటూ చెప్పాడు. కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. యజమానికి 182ఎ కింద ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. చప్పుడు, పొగ ప్రమాణాలు దాటితే 190 కింద 10,000 దాకా, పైగా మూడు నెలలు లైసెన్సుకు సెలవు. ఇన్ని తెలిసినవాడు ఆ గొట్టం ఎందుకు బిగించాడో! చివరికి రోలరు చక్రాలకింద పచ్చడయ్యేది గొట్టమే. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ పోలీసులు అలాంటివాటిని వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించారు. 'రేసులకు మాత్రమే' అని మూలన చిన్నక్షరాలు అచ్చేసి అమ్మినవాడి కొట్టుకు మాత్రం ఆ రోలరు దారి మరిచిపోతుంది.

నన్ను కిందికి దించారు. కందిరీగ గూడు గీకి, కొత్త గాస్కెట్ వేసి బిగించారు. విప్పినప్పుడొక కూలీ, బిగించినప్పుడొక కూలీ. మెకానిక్‌కు నష్టం లేదు. డబ్బులిస్తూ కుర్రాడు గొంతు తగ్గించాడు:

"అన్నా, ఈసారి ఆ గొట్టం లోపల చప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ పెట్టించి వేస్తే పట్టుకోరు కదా?"