నేల కింద వేడినీళ్లు: కష్టపడకుండా, ఎవరికీ చిక్కకుండా

ఇంగ్లండులో ఇల్లు కొన్న తెలుగువాడు రెండు చలికాలాలు గడవకముందే వెనకవైపు వంటగది పెంచుతాడు. పెంచిన వంటగదికి పెద్ద పెద్ద టైల్స్ వేస్తాడు. డిసెంబరు పొద్దున్న ఆ టైల్స్ మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమంటుంది. అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: నేల కింద పైపులు పరిచి వేడినీళ్లు తిప్పించు, రేడియేటర్ల గొడవే ఉండదు, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగొచ్చు అని. మంచి మాట. నేనూ వేయించాను. సగం పని మా బావమరిది, నేను కలిసి చేసుకున్నాం.

ఆ అనుభవంతో చెబుతున్నాను. గోడకు రంగు సరిగ్గా వేయకపోతే తెలిసిపోతుంది. తలుపు వంకరగా బిగిస్తే వచ్చినవాళ్లంతా చూస్తారు. ఇది అలా కాదు. పైపుల మీద ఇసుక, సిమెంటు కలిపిన స్క్రీడ్ పోశాక కింద ఏముందో దేవుడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇల్లు కట్టే పనుల్లో ఇంత సుఖమైనది ఇంకొకటి లేదు. మనవాళ్లు సెలవులు పెట్టుకుని మరీ దీన్ని పద్ధతిగా చేయించుకుంటుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

1. లెక్కలు వేయించకండి.

ఏ గదిలోంచి ఎంత వేడి బయటికి పోతుందో లెక్కగట్టి, దాన్నిబట్టి పైపుల మధ్య ఎడం తేల్చాలంటారు. మామూలుగా 16 మిల్లీమీటర్ల పైపును 150 నుంచి 200 మిల్లీమీటర్ల ఎడంతో పరుస్తారు. 150 ఎడమైతే చదరపు మీటరుకు ఆరున్నర మీటర్లకు పైగా పైపు పడుతుంది. అదే 300 చేశారనుకోండి, మూడున్నర మీటర్ల లోపే అయిపోతుంది. సగానికి సగం పైపు, సగానికి సగం నడుంనొప్పి మిగిలాయి. నడుస్తుంటే ఒక అడుగు వెచ్చగా, పక్క అడుగు చల్లగా చారలు చారలుగా తగులుతుంది. ఎవరైనా అడిగితే "జోనింగ్" అనండి. ఆ మాట విన్నాక రెండో ప్రశ్న వేసినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

2. కింది అంతస్తు మొత్తానికీ ఒకటే లూపు తిప్పండి.

40 చదరపు మీటర్లకు 300 ఎడంతో వేసినా 133 మీటర్ల పైపు పడుతుంది. ఈ సైజు పైపులో ఒక్కో లూపు 100 మీటర్లు దాటకూడదనీ, రెండు మూడు లూపులు చేసి అన్నిటినీ నీళ్లు పంచే మానిఫోల్డుకు తెచ్చి కలపాలనీ చెబుతారు. మానిఫోల్డుకు ఒక్కో నోరు పెరిగినకొద్దీ డబ్బు పెరుగుతుంది. ఒకటే నోరు కొనండి. చుట్ట మధ్యలో అయిపోతే జాయింటు వేసి ఇంకో చుట్ట కలపండి. నేల కింద జాయింటు ఉండకూడదనే మాట జాయింటు కనపడేవాళ్లకు. ఇంత దూరం తోయడానికి పంపుకు శక్తి చాలదు, తోసినా నీళ్లు దారిలోనే చల్లారిపోతాయి. ఆ చల్లారే కొస ఎక్కడ పడాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. చుట్టాల గదిలో పడేయండి. వాళ్లు రెండు రోజులుండి వెళ్లిపోతారు.

3. ఇన్సులేషన్ బోర్డులు తలుపు దగ్గర పరవండి, చాలు.

పైపుల కింద బోర్డులు లేకపోతే వేడి సగం మట్టిలోకి దిగిపోతుందంటారు. దిగనివ్వండి, ఆ మట్టీ మన స్థలమే కదా. కౌన్సిల్ నుంచి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే టీ కప్పు చేతికిచ్చి, ప్లేట్లో నాలుగు జంతికలు పెట్టండి. రెండు చేతులూ నిండిన మనిషి లోపలికి వచ్చి వంగి చూడడు.

గోడ వెంబడి చుట్టూ పెట్టే ఫోము పట్టీ కూడా దండగే. వేడికి స్క్రీడ్ సాగినప్పుడు ఆ పట్టీ నలిగి చోటిస్తుందట. పట్టీ లేకపోతే స్క్రీడ్ బీటలు తీస్తుంది, దాంతోపాటు టైల్సూ తీస్తాయి. లండన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అక్కడ నేల బంకమన్ను, ఎండాకాలం కుంచించుకుపోతుంది, దానివల్ల ఇళ్లు కదలడం అందరూ ఎరిగినదే. ఏ బీట వచ్చినా ఆ మన్ను మీదకు తోసెయ్యండి.

4. గేజీని గోడ వైపు తిప్పండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పైపులు పరిచాక నీళ్లు నింపి, 6 బార్ ఒత్తిడి పెట్టి, గంటసేపు చూడమంటారు. స్క్రీడ్ పోస్తున్నంతసేపూ కూడా ఒత్తిడి ఉంచమంటారు. ఏ పారో తోపుడుబండో తగిలి పైపు చిల్లు పడితే అప్పటికప్పుడు తెలుస్తుందని వాళ్ల ఉద్దేశం. తెలిస్తే ఆ పని ఎవరు చేయాలి? మనమే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పైపు కదలకుండా బోర్డులోకి ప్లాస్టిక్ పిన్నులు దించుతారు. మా బావమరిది దించుతుంటే ఒక పిన్ను పక్కకు జారి పైపును గీరింది. అక్కడ చెమట పట్టినట్టు ఒక్క చుక్క నిలిచింది. బొటనవేలితో తుడిచాను, పోయింది. టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఉంది. గేజీ చూస్తే ఆరు మీద ఉండాల్సిన ముల్లు ఐదున్నరకు జరిగింది. "ఏం చేద్దాం బావా?" అన్నాడు. బయట స్క్రీడ్ పోసేవాళ్లు అప్పటికే పంపు దించి గొట్టాలు తగిలిస్తున్నారు. వెనక్కి పంపితే మళ్లీ పది రోజులదాకా దొరకరు. నేను స్పానరు తీసుకుని గేజీ నట్టు వదులు చేసి, ముల్లు గోడవైపు ఉండేలా సగం తిప్పి బిగించాను. గంట గడిచేసరికి గదంతా బూడిదరంగు స్క్రీడ్ నున్నగా పరుచుకుంది. చుక్కా లేదు, ముల్లూ లేదు. ఆ రాత్రి నాకు పట్టినంత నిద్ర ఆ నెలంతా పట్టలేదు.

ఇంటావిడ నిలదీస్తే బాత్ ఊరు గుర్తుచేయండి. రోమన్లు అక్కడ ఇటుక పలకలను దొంతరలుగా పేర్చి, వాటి మీద నేల వేసి, కిందినుంచి వేడి పంపించారు. ఆ దొంతరలు ఈనాటికీ నిలబడి ఉన్నాయి, టికెట్టు కొని పిల్లలకు చూపిస్తున్నాం. వాళ్లు ఏ ప్రెషర్ టెస్ట్ చేశారు? అక్కడ తిరిగింది నీళ్లు కాదు, వేడిగాలి అన్న సంగతి మాత్రం ఎత్తకండి. కొరియావాళ్ల ఓండోల్ కూడా వాదనకు పనికొస్తుంది. పాతకాలంలో వాళ్లు పొయ్యి పొగను రాతినేల కిందుగా పంపేవాళ్లు. ఇప్పుడు మనలాగే పైపుల్లో వేడినీళ్లు తిప్పుతున్నారన్నది ఆవిడ అడిగేదాకా చెప్పనక్కర్లేదు.

5. ఫొటోలు తీయకండి.

స్క్రీడ్ పోయకముందు పైపులు ఎక్కడెక్కడ వెళ్లాయో టేపు పెట్టి, ఫొటోలు తీసి దాచుకుంటే తర్వాత డ్రిల్లు వేసేటప్పుడు భయం ఉండదంటారు. ఫొటో అంటే సాక్ష్యం. ఎడం 300 అని అందులో పడుతుంది, బోర్డులు లేవని పడుతుంది, ఆ చుక్క కూడా పడుతుంది. డోర్ స్టాపరు బిగించాల్సి వస్తే మీరు డ్రిల్లు పట్టకండి. మామగారు వచ్చినప్పుడు ఆయన చేతికివ్వండి. పెద్దాయనను ఎవరూ ఏమీ అనలేరు.

6. ముందు ముహూర్తం పెట్టించండి, తర్వాత స్క్రీడ్ పోయించండి.

ఇసుక, సిమెంటు స్క్రీడ్ మొదట రోజుకో మిల్లీమీటరు చొప్పున ఆరుతుంది, 40 మిల్లీమీటర్లు దాటాక ఇంకా నెమ్మదిస్తుంది. మందం 75 ఉంటే మూడు నెలలు దాటుతుంది. పైపుల్లో వేడి మొదలుపెట్టడానికే 21 రోజులు ఆగాలట. ఆ తర్వాత 25 డిగ్రీల నీళ్లు మూడు రోజులు, అసలు వేడికి పెంచి మరో నాలుగు రోజులు. అంతా అయ్యాక, తడి కొలిచి చూసి, టైల్స్.

ఇంత ఓపిక మనకెందుకు? కొత్త వంటగదిలో పాలు పొంగించడానికి స్క్రీడ్ పోసిన పన్నెండో రోజుకు ముహూర్తం పెట్టించండి. పంతులుగారికి ఆ నెలలో ఇంకో శనివారం ఖాళీ లేదు, అత్తగారి ఆరు నెలల వీసా అయిపోవస్తోంది. ఇక ఆగమనే ధైర్యం ఎవరికుంటుంది? పదో రోజునే టైల్స్ వేయించి, పన్నెండో రోజు బాయిలరు పూర్తిగా తిప్పండి. లోపలి తడి ఆవిరై పైకి తోస్తుంది. నడుస్తుంటే టైల్స్ డబడబమంటాయి. తప్పు మీది కాదు, మేస్త్రీది కాదు. ముహూర్తబలం.

7. బ్లెండింగ్ వాల్వు కొనకండి.

రేడియేటర్లకు బాయిలరు 70 డిగ్రీల నీళ్లు పంపినా నడుస్తుంది. నేలకు 35 నుంచి 45 చాలట. అందుకని తిరిగొచ్చే చల్లనీళ్లు కలిపి వేడి తగ్గించే వాల్వు పెడతారు. కాళ్ల కింద 29 డిగ్రీలు దాటితే ఇబ్బందనీ, చెక్క నేలయితే 27 దగ్గరే ఆగాలనీ పుస్తకాల్లో ఉంటుంది. మనం డబ్బు పోసి కాచిన నీళ్లను మళ్లీ చల్లార్చడమేమిటి? నేరుగా వదలండి. హాల్లో చెక్క పలకలు అంచులు లేచి దోనెల్లా అవుతాయి. పిల్లలకు గోళీలు ఆడుకోవడానికి బాగుంటుంది.

మానిఫోల్డు ముందు పైపుల పోకా రాకా ఒకేచోట గుమిగూడి ఉంటాయి కాబట్టి అక్కడ ఒక పెనమంత మేర కాలుతుంది. ఆ చోటు సుద్దతో గుర్తుపెట్టుకోండి. దోసెల పిండి గిన్నె అక్కడ పెడితే జనవరిలో కూడా రాత్రికి రాత్రే పొంగుతుంది. ఇల్లంతటిలో ఇంత నమ్మకంగా పనిచేసే చోటు మా ఇంట్లో ఇదొక్కటే, దీనికోసమైనా ఈ పని చేయించుకోమంటాను.

8. హీట్ పంప్ జోలికి పోకండి.

తక్కువ వేడి నీళ్లతో నడిచే నేలకు హీట్ పంప్ చక్కని జోడీ అనేది నిజమే. సర్కారు 7,500 పౌండ్లు ఇస్తుందన్నదీ నిజమే. కానీ ఆ డబ్బు కావాలంటే గుర్తింపు ఉన్న ఇన్‌స్టాలరు మీ ఇంటికొచ్చి గదిగదికీ లెక్క వేస్తాడు, బోర్డులు అడుగుతాడు, ఫొటోలు అడుగుతాడు. ఒక్క పూటలో మన శ్రమంతా నీళ్లపాలు.

9. థర్మోస్టాట్ పొయ్యి పక్కన బిగించండి.

పప్పు ఉడికేలోగా ఇల్లంతా వెచ్చబడిందనుకుని అది ఆగిపోతుంది. గ్యాసు ఆదా. స్క్రీడ్ వేడెక్కడానికి గంటలు పడుతుంది కాబట్టి, మళ్లీ వెచ్చబడేసరికి ఎలాగూ నిద్రపోయే వేళవుతుంది.

10. రోజూ పొద్దున్నే బాయిలరుకు నీళ్లు పట్టండి.

బాయిలరు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. నాలుగో చిట్కా పాటించినవాళ్లకు పొద్దున లేచేసరికి అది సున్నా దగ్గర ఉంటుంది. కంగారు పడకండి. పాలు పొయ్యి మీద పెట్టి, బాయిలరు కింద ఉండే వెండిరంగు అల్లిక గొట్టానికున్న రెండు కుళాయిలూ తిప్పండి. పాలు పొంగేలోగా ముల్లు లేస్తుంది. రోజూ కొత్తనీళ్లు రావడంతో తుప్పు పట్టకుండా పోసిన మందు పలచబడుతుంది. నీళ్లు నల్లబడతాయి, మానిఫోల్డు మీద నీళ్ల ప్రవాహం చూపించే చిన్న గొట్టం లోపల నల్లటి బురద పేరుకుంటుంది. అప్పుడు ఎంత నీరు పారుతోందో ఎవరికీ కనపడదు, సరిచేయమని ఎవరూ అడగరు. పోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయని పిల్లలు అడిగితే ఆవిరవుతాయని చెప్పండి, సైన్సు కూడా వస్తుంది. స్కర్టింగు బోర్డు అడుగున జేగురురంగు మరక లేస్తే తులసికుండీ జరపండి. మరక పెరిగినకొద్దీ కుండీ పెద్దది కొనండి.

11. ఆయిల్ హీటరు కొనండి, కానీ చక్రాలున్నది.

మూడో చలికాలానికి మీరందరూ ఒకే గదిలో దాని చుట్టూ చేరతారు. కుటుంబం దగ్గరవుతుంది. చక్రాలెందుకంటే, ఎవరైనా వస్తున్నామని ఫోను చేయగానే రెండు నిమిషాల్లో గరాజులోకి తోసెయ్యాలి.

12. వచ్చినవాళ్లను సుద్ద గీత మీద కూర్చోబెట్టండి.

శనివారం నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచారనుకోండి. మధ్యాహ్నంనుంచే రెండు పొయ్యిల మీద బిర్యానీ దమ్ పెట్టండి, మూడోదాని మీద బజ్జీలు. కిటికీలు తీయకండి. వాళ్లు వచ్చేసరికి అద్దాలు ఆవిరిపట్టి, వంటగది మన ఊళ్లో మే నెలలా ఉంటుంది. కొత్తగా ఇల్లు కొన్నాయన ఎవరో చూసుకుని, ఆయన కుర్చీ మానిఫోల్డు ముందు వేయండి. మేజోళ్లు విప్పమనండి. రెండు నిమిషాల్లో ఆయన భార్యను పిలిచి, "ఇదిగో, ఇక్కడ కాలు పెట్టి చూడు, మనమూ ఇదే వేయించుకుందాం" అంటాడు. మీరు ఇంకో రెండు బజ్జీలు ఆయన ప్లేట్లో వేసి, బావమరిది నంబరు ఇవ్వండి. మావాడికి ఇప్పటికే ఈస్టరుదాకా ఖాళీ లేదు.