సంగారెడ్డి దిక్కు మబ్బు పడితే

మా రోజుల్లో నెట్ అంటే మిద్దె మీది పని. జోగిపేటలో నేను కంప్యూటర్ సెంటర్ తెరిచిన కొత్తలో, ఫోన్ లైన్ మీద ఒక్క ఫొటో దిగేలోపు బస్టాండుకు పోయి చాయ్ తాగి రావచ్చు. అందుకే అప్పు చేసి డిష్ నెట్ పెట్టించాను. పేజీ కావాలని అడిగేది ఫోన్ మోడెం, ఆ పేజీ దిగేది 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి.

డిష్ మాకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. మా మెదక్ జిల్లా పల్లెలూ అందులో ఉన్నాయి. కోళ్ల గూటికి కట్టే జాలీతో చేసిన పది అడుగుల డిష్ కింద కూర్చునే నేను మొదటిసారి టీవీ చూశాను.

సరే, నెట్ సంగతి. బిగించడానికి వచ్చినాయన నా కంప్యూటర్లు చూసి మొహం ముడుచుకున్నాడు. ఐదింటిలోనూ లినక్స్, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల నుంచి ఎక్కించుకున్నది. "ఈ డిష్ కార్డుకు దీంట్లో డ్రైవర్ లేదు, విండోస్ వేసుకోండి" అని సంచి సర్దుకున్నాడు. ఐదు లైసెన్సులు కొనే తాహతు నాకు లేదు. దొంగ కాపీ వేసి పిల్లలకు పాఠం చెప్పడం ఇష్టం లేదు.

వారం పట్టింది. ఇంకో పాత మిషన్‌లో విండోస్ 98 రెండో ఎడిషన్ వేసి, కార్డు దానికే బిగించి, మిగతా ఐదింటినీ హబ్ మీదుగా దానికి కలిపాను. దాని అడ్రసు 192.168.0.1. మిగతావాటికి నెట్‌లోకి పోయే దారి, అంటే గేట్‌వే, అదే. లినక్స్ తెర మీద మొదటి పేజీ దిగిన రాత్రి మేం ఇంటికి పోలేదు.

గాలివానకు డిష్ కదిలితే పానా పట్టుకుని నేను పైన, తమ్ముడు కింద. "జరంత ఎడమకు... పెరుగుతుంది, పెరుగుతుంది... అరె, పోయింది! ఎన్కకు తిప్పే!" సంగారెడ్డి దిక్కు మబ్బు కమ్మితే నెట్ పోతుందని పిల్లలు ముందే చెప్పేవాళ్లు. డిష్ చూసేది దక్షిణానికి, మాకు దక్షిణాన ఉన్నది సంగారెడ్డి. ఆ పిల్లల్లో ఇద్దరు తర్వాత పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో నెట్‌వర్క్ పనికి కుదిరారు.

మొన్న మా పెద్దోడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో స్టార్‌లింక్ డిష్ చూపించాడు. ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి కాబట్టి జవాబు చిటికెలో వస్తుంది. విండోసా, లినక్సా అని అడగదు, వైఫై పట్టుకుంటే చాలు. అది మంచి మార్పే. 2025 జూన్‌లో మన దేశంలోనూ దానికి లైసెన్సు ఇచ్చారు.

"ఆగిపోతే ఏం చేస్తవ్ రా?" అన్నాను.

"యాప్‌లో కంప్లైంట్ పెడతా నాన్నా."

నా కోపం అక్కడే. అప్పుడు ఆ కార్డు మమ్మల్ని వద్దంది, అయినా దాని గుట్టు విప్పుకున్నాం. ఇప్పటి పెట్టె అందరినీ రమ్మంటుంది, లోపల ఏముందో ఎవరూ చూడరు. సెంటర్‌కు వచ్చే డిగ్రీ పిల్లల్ని గేట్‌వే అంటే ఏంటని అడిగితే "వైఫై ఉంది కద సార్" అంటారు.

నిన్న సెంటర్ రూటర్‌లో వైఫై తీసేశాను. కేబుల్ చేతికిచ్చి, అడ్రసులు చేత్తో కొట్టమన్నాను. సాయంత్రానికి ఒక్కమ్మాయికి పేజీ దిగింది.