సోమవారపు మహావాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "క్వాలిటీ ఈజ్ ఎవ్రీవన్స్ రెస్పాన్సిబిలిటీ. హౌ డిడ్ క్యూఏ మిస్ దిస్?"

అవతారిక: ఈ మహావాక్యానికి ద్రష్ట డెలివరీ మేనేజరు. సంబోధ్యురాలు టెస్ట్ లీడు. కాలం, శుక్రవారం రాత్రి రిలీజు వెళ్ళిన తరువాతి సోమవారం ఉదయం. స్థలం మాదాపూరు అనుకోండి. ఊరు మారినా వాక్యంలో అక్షరం మారదు. ఇన్సూరెన్సు సైటులో ఫిబ్రవరి 29న పుట్టిన ఒక పాలసీదారు రెన్యువల్ నొక్కితే తెల్ల పేజీ వచ్చింది. ఆయన ఫోను చేశాడు. క్లయింటు నిద్ర లేచాడు. అంతట ఈ వాక్యం అవతరించింది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది నాచేత కాదు.

టీక: క్వాలిటీ మొదలైన పదాలు సుబోధకాలు గనుక వదిలేస్తున్నాం. "ఎవ్రీవన్స్" దగ్గర ఆగాలి. రిలీజుకు ముందు ఇందులో డెవలపరు, ఆర్కిటెక్టు, ప్రాడక్ట్ ఓనరు, మేనేజరు అందరూ ఉంటారు. రిలీజయ్యాక ఒక్కొక్కరే లోపించి చివరికి క్యూఏ మిగులుతుంది. వైయాకరణులు దీన్ని ఏకశేషం అంటారు. మిగిలిన ఆ ఒక్కటే పోయినవాళ్ళందరి అర్థాన్నీ మోయాలి.

విశేషం: తప్పులెన్నే విద్యకు మనలో ఆదిపురుషుడు కాత్యాయనుడు. పాణిని దాదాపు 4,000 సూత్రాలతో అష్టాధ్యాయిని లోకంలోకి వదిలితే, ఈయన వాటిలో 1,200కు పైగా సూత్రాల మీద వార్తికాలు రాశాడు. చెప్పినది, చెప్పకుండా వదిలినది, చెడ్డగా చెప్పినది, ఈ మూడింటినీ విచారించేదే వార్తికమని పెద్దల లక్షణం. ఏ కంపెనీ టెస్ట్ ప్లానులోనైనా మొదటి పేజీలో ఇంతకంటే మంచి నిర్వచనం ఉంటే చూపించండి. అందులోనూ నడిమిది చూడండి. ఉన్న బటన్ను ఎవరైనా నొక్కి చూస్తారు. రిక్వైర్‌మెంటులో ఎవరూ రాయని ఫిబ్రవరి 29ని ఊహించేవాడే టెస్టరు.

ఆ వార్తికాలు తరువాత పతంజలి ముందుకు వచ్చాయి. మహాభాష్యాన్ని ఒక సుదీర్ఘమైన బగ్ ట్రయాజ్ మీటింగుగా చదువుకోవచ్చు. ఈ వార్తికం నిజంగా కావాలా, సూత్రం ఉన్నదున్నట్టుగా సరిపోదా అని ఒక్కొక్కదాన్నీ పట్టుకు వాదిస్తాడు. చాలాచోట్ల అక్కర్లేదని కొట్టేస్తాడు. మన భాషలో "యాజ్ డిజైన్డ్, క్లోజ్డ్". అయితే కొట్టేసే ముందు పూర్వపక్షం పూర్తిగా వింటాడు, ఉదాహరణ ఇస్తాడు, ఎదుటివాడి తరఫున తానే మళ్ళీ ఆక్షేపిస్తాడు. "నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది" అని ఒక్క ముక్క రాసి టికెట్టు మూసెయ్యడు. పైగా మునిత్రయంలో ముందటివాడికంటే వెనకటివాడి మాటకే ప్రామాణ్యం ఎక్కువని ఆ శాస్త్రంలో కట్టుబాటు. అంటే కోడు రాసిన పాణిని కంటే తప్పు పట్టిన కాత్యాయనుడిదే పైచేయి! ఇంత చక్కని కట్టుబాటు హైటెక్ సిటీ దాకా ఎందుకు రాలేదో.

తెలుగులోనూ ఈ పని జరిగింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో మిగిలిపోయినవన్నీ ఏరి బహుజనపల్లి సీతారామాచార్యులు గారు త్రిలింగ లక్షణ శేషాన్ని 1885లో వెలువరించారు. ఆయనకు శుక్రవారం సాయంత్రం గడువు పెట్టినవారు లేరు. సూరిగారు మాత్రం సామాన్యులా? ఒకచోట జరిగి, ఒకచోట జరగక, ఒకచోట వికల్పంగా వచ్చి, మరోచోట ఇంకేదో అయ్యే సంధికార్యాన్ని "బహుళం" అనే పాత పారిభాషికంతో గట్టెక్కించారు. ఒకసారి కనబడి ఒకసారి మాయమయ్యే బగ్గుకు మన డెవలపర్లు "కెనాట్ రిప్రొడ్యూస్" అని రాస్తారే, బహుళం అని రాస్తే ఎంత హుందాగా ఉండేది!

ఎక్కడున్నాం? "దిస్" దగ్గర.

శంక: తప్పులు పట్టడానికే జీతం తీసుకుంటున్నవారిని, పట్టకపోతే అడగకూడదా?

సమాధానం: అడగవచ్చు. టెస్టింగు బగ్గులున్నాయని చూపగలదే గాని, లేవని చూపలేదని డైక్‌స్ట్రా 1969లోనే రోము నగరపు నేటో సదస్సులో తేల్చిచెప్పాడు. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజ్యూర్ అంతటిది పడకేసిందీ ఇలాంటిదానికే: సర్టిఫికెట్టు గడువు కోసం సంవత్సరానికి ఒకటి కలిపితే 2013 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ పుట్టింది. కనుక ప్రశ్న ఉచితమే. అది పోయిన చిరునామా మీదే పేచీ.

ప్లానులో టెస్టింగుకు 10 రోజులు. డెవలప్‌మెంటు 8 రోజులు ఆలస్యమైంది. రిలీజు తేదీ మాత్రం పెళ్ళి ముహూర్తంలా కదల్లేదు. చేతికొచ్చిన బిల్డు లాగిన్ దగ్గరే కూలితే మళ్ళీ వేయించారు. పేమెంట్లు, ప్రీమియం లెక్కలు చూసేసరికి శుక్రవారం చీకటి పడింది. చూడనివన్నీ వరుసగా రాసి లీడు మెయిలు పెట్టింది. అందులో మూడో అంశం: "పుట్టినతేదీ హద్దులు చూడలేదు, లీపు సంవత్సరంతో సహా." వచ్చిన జవాబు: "నోటెడ్. ప్లీజ్ సైనాఫ్." ఆపే అధికారం ఏనాడూ ఇవ్వనిదాని చేత ఒప్పుకోలు సంతకం పెట్టించడం ఏ ధర్మశాస్త్రంలో ఉందండీ? ఆపమంటే బాటిల్‌నెక్ అంటారు, వదిలితే మిస్ అంటారు. కిందటి రిలీజులో ఆ పిల్ల పట్టిన బగ్గులు కస్టమరు దాకా వెళ్ళలేదు గనుక ఒక్కరికీ గుర్తులేవు. ఈ ఒక్కటీ అప్రైజల్‌లో "ఓనర్‌షిప్ చాలదు" అనే పేరుతో ఎక్కి కూర్చుంటుంది.

తాత్పర్యం: శుక్రవారం నాటి మెయిలు నేను చదవలేదు అని భావం.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "క్యూఏ" ఉన్నచోట "వీ" అని కనబడుతున్నది. క్లయింటు సీసీలో ఉన్న ప్రతులలో తప్ప మరెక్కడా దొరకనందున ఈ పాఠం ప్రక్షిప్తం.